మాత్రకూ ఏరియా ఉంది

ఫిలింనగర్‌కి వచ్చే విదేశీ అతిథులు ఏమేం అడుగుతారో త్రినాథరావుకి నోటికొచ్చు. ముత్యాలు అడుగుతారు. బిర్యానీ అడిగి, రెండు ముద్దలు తిని, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ ఐస్‌క్రీం అడుగుతారు. చార్మినార్ ముందు నిలబెట్టి ఫోటో తియ్యమంటారు. ఇవన్నీ సమకూర్చడం ప్రొడక్షన్ మేనేజరుగా ఆయన పని. నడి ఎండాకాలంలో పచ్చగడ్డి బండి కావాలన్నా, తెల్లారేసరికి పెళ్ళిబాజా కావాలన్నా లేదనకుండా తెచ్చి నిలబెట్టినవాడు. “మా త్రినాథరావుని అడగండి, లేకపోతే పుట్టిస్తాడు” అని నిర్మాత వరప్రసాద్ నలుగురిలో అంటుంటే, అబ్బే అన్నట్టు చెయ్యి ఊపుతూనే లోపల పొంగిపోయేవాడు.

అలాంటి మనిషిని ఆంద్రే అడిగిన వస్తువు నిలువునా నీరుగార్చేసింది.

ఆంద్రే మంచుదేశం నుంచి వచ్చాడు. ఆ దేశానికి అసలు పేరు వేరే ఉంది గానీ, ఆఫీసులో ఎవరి నాలుకకీ లొంగక, మంచుదేశమనే స్థిరపడిపోయింది. వరప్రసాద్ తీస్తున్న సినిమాలో రెండు పాటలూ, ఓ కార్ల ఛేజూ అక్కడ తీయాలి. హోటళ్ళు, పర్మిషన్లు, బళ్ళు అక్కడ కుదిర్చిపెట్టే మనిషి ఈ ఆంద్రే. ఒప్పందం మీద సంతకాలకని వచ్చి జూబ్లీహిల్స్ గెస్ట్‌హౌస్‌లో దిగాడు. ఆదివారం తిరుగు విమానం.

బుధవారం మధ్యాహ్నం ఆఫీసు మేడమీద ఇద్దరూ టీ తాగుతుండగా, ఆంద్రే అటూ ఇటూ చూసి ఫోను తీశాడు. అందులో ఓ ఫోటో. పొట్టి మెడ తెల్ల ప్లాస్టిక్ సీసా, మూత పక్కన పొడుగుపాటి మాత్ర.

“ఇది మీ ఊళ్ళోనే తయారవుతుందట. నా స్నేహితుడొకడికి కావాలి. దొరుకుతుందా?” అన్నాడు ఇంగ్లీషులో.

త్రినాథరావు చేతిలో టీ కప్పు ఎక్కడిదక్కడే ఆగిపోయింది. ఆ సీసా ఆయనకి తెలుసు. పదేళ్ళ పైనుంచి రోజూ రాత్రి భోజనమయ్యాక ఓ మాత్ర మింగుతూనే ఉన్నాడు. మధ్యలో మందు మార్చారు. ఈ సీసా వచ్చి కొన్నేళ్ళయింది. కాకపోతే దాన్ని లేబులుతో సరిగ్గా చూడటం ఇదే మొదటిసారి. ప్రభుత్వ కేంద్రం నుంచి సీసా ఇంటికి రాగానే అమ్మాజీ వేణ్ణీళ్ళలో తడిపిన గుడ్డతో ఆ కాగితం ఊడదీసి పారేస్తుంది, పనిమనిషి కంట పడకుండా.

ఆయనకి హెచ్.ఐ.వి. ఉందన్న సంగతి ఈ భూమ్మీద భార్యకీ, డాక్టరుకీ, కేంద్రంలో మందులిచ్చేవాళ్ళకీ తప్ప ఎవరికీ తెలియదు. ఎలా వచ్చిందన్నది మొగుడూ పెళ్ళాలు ఎప్పుడో పోట్లాడుకుని, అలిసిపోయి, పక్కన పడేసిన విషయం. ఆవిడకి అంటలేదు. అదొక్కటే ఆ ఇంటి అదృష్టం. మాత్ర తన పని తాను చేస్తోంది. ఈమధ్య ఆయనకి బొజ్జ కూడా వచ్చింది.

మరి ఈ ఆంద్రే తననే ఎందుకడిగాడు? ఎవరైనా చెప్పారా? చెప్పడానికి తెలిసినవాళ్ళేరీ? మొహం చూసి కనిపెట్టాడా? మొహం చూస్తే బొజ్జేగా కనపడేది!

“ట్రై చేస్తాను” అన్నాడు. ఆ మాట తన గొంతులోంచే వచ్చిందా అని అనుమానం వేసింది.

మర్నాడు ఆంద్రేని వెంటబెట్టుకుని వెళ్తూ, కారు చెక్‌పోస్టు దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు, ఏమీ ఎరగనట్టు అడిగాడు. “మీ దగ్గర దొరకదా ఆ టాబ్లెట్?”

ఆంద్రే చెప్పినదాంట్లో త్రినాథరావు షూటింగు ఇంగ్లీషుకి అందినదేమంటే, ఆ స్నేహితుడు మంచుదేశంలో పుట్టినవాడు కాదు, పనికోసం వచ్చినవాడు. ప్రభుత్వమిచ్చే మందు పౌరులకే. దుకాణంలో దొరికేది కనిపెట్టిన కంపెనీ మందొక్కటే. దాని ధర జీతగాడు మోసేది కాదు. ఆ కంపెనీయే ఇష్టపడి, అదే మందు తయారుచేసుకోమని హైదరాబాదు కంపెనీలకి లైసెన్సు ఇచ్చింది. కానీ ఏయే దేశాల్లో అమ్ముకోవచ్చో పేర్లు రాసి మరీ ఇచ్చింది. ఆ పేర్లలో మంచుదేశం లేదు.

“ఓహో, ఏరియా!” అన్నాడు త్రినాథరావు, చీకట్లో స్విచ్చి దొరికినట్టు.

ఇప్పుడంటే మేనేజరు గానీ, వయసులో ఉండగా ఆయన డిస్ట్రిబ్యూటరు దగ్గర రిప్రజెంటేటివ్. సినిమా రీళ్ళ బాక్సుతోపాటు ఊరూరా తిరిగి, హాలు ఓనరు టికెట్లు దాచెయ్యకుండా కాపలా కాసే ఉద్యోగం. ఆ లోకంలో తెలుగునేలంతా ముక్కలే. నైజాం ఒకడిది, సీడెడ్ అనే రాయలసీమ ఇంకొకడిది, ఉత్తరాంధ్ర మరొకడిది. నిర్మాత ఎవడికి ఏ ఏరియా రాసిస్తే వాడు అక్కడే ఆడించుకోవాలి. ఓసారి అలంపురంలో ఆడుతున్న నైజాం బాక్సుని తుంగభద్ర దాటించి కర్నూల్లో దొంగాట వేసుకోవాలని చూసిన మనిషిని, వంతెన మీదే పట్టుకున్నాడు త్రినాథరావు. చొక్కా చిరిగింది, చెప్పు ఏట్లో పడింది, బాక్సు మాత్రం వదల్లేదు. ఏరియా దాటించడమంటే ఆయన దృష్టిలో ఒకడి పొలంలో చేను ఇంకొకడు కోసుకుపోవడం.

అందుకే కారులోనే తేల్చి చెప్పేశాడు. “నో రైట్స్ ఫర్ యువర్ ఏరియా. వెరీ సారీ.”

ఆంద్రే “నా స్నేహితుడి దగ్గర ఇంకో నెలకి సరిపడా ఉన్నాయి” అని మాత్రం అన్నాడు. తర్వాత ఆ ట్రాఫిక్‌నే చూస్తూ కూర్చున్నాడు.

దొంగని పట్టుకున్నవాడికి ఉండాల్సిన తృప్తి ఆ రాత్రి త్రినాథరావుకి కలగలేదు. అన్నం కలుపుతాడు, ఆపుతాడు. సంగతంతా విని అమ్మాజీ నెయ్యిగిన్నె చప్పుడయ్యేలా కిందపెట్టింది.

“జబ్బుకి నైజామేంటండీ, సీడెడ్ ఏంటండీ! మీ సీసా ఒకటి ఇచ్చి పంపలేకపోయారా?”

“అది గవర్నమెంటు నాకని ఇచ్చింది. ఇంకొకడికి ఇస్తే తప్పు. పైగా నాకు తక్కువ పడితే?”

“పోనీ కొనిపెట్టండి. ఊళ్ళో అమ్ముతారు కదా.”

“అక్కడికి హక్కుల్లేవంటుంటే!”

“ఇస్తే తప్పు, కొంటే తప్పు. ఊరుకుంటే ఒప్పా?”

ఆయన పచ్చడి వేసుకున్నాడు.

“అయినా నిజంగా స్నేహితుడికేనా?” అంది అమ్మాజీ.

“అలాగే అన్నాడు.”

“మీరు మొదటిసారి డాక్టరు దగ్గరికెళ్ళి ఏమన్నారు? ‘మా బావమరిది రిపోర్టండీ’ అనలేదూ? పెళ్ళికాని మా తమ్ముడి నెత్తిన రుద్దారు. ఆవిడ మంచిది కాబట్టి, మీ బావమరిదిగారి నాలుక చూపించండి అని మీ నోరే తెరిపించింది.”

త్రినాథరావు ముద్ద మింగాడు. మేడమీద ఆంద్రే అటూ ఇటూ చూసిన చూపు గుర్తొచ్చింది. ఆ చూపు ఇంకొకరి కోసం కొనుక్కెళ్ళేవాడిది కాదు.

శుక్రవారం పొద్దున్నే ప్రణతికి ఫోను చేశాడు. ప్రణతి అమ్మాజీ అక్క కూతురు. మందుల కంపెనీలో ఈ లైసెన్సు కాగితాలు చూసే ఉద్యోగమే ఆ పిల్లది. జూబ్లీహిల్స్‌లో కాఫీ హోటల్లో కలుసుకున్నారు. బాబాయికి జబ్బున్న సంగతి ఆమెకి తెలియదు. “మా రచయిత కథలో మందుల హక్కుల గొడవొకటి పెట్టాడమ్మా” అని మొదలెట్టాడు. ఫిలింనగర్‌లో కథకోసమని చెప్పి ఎవరినైనా ఏదైనా అడగొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు.

“ముందు నాకొకటి చెప్పు. కనిపెట్టినవాడు హక్కులు తనదగ్గరే అట్టిపెట్టుకోవచ్చు కదా. పిలిచి మరీ మీలాంటివాళ్ళకి ఎందుకిస్తాడు? బొమ్మలో సరుకు లేకపోతేనో, నెగెటివ్ మీద కోర్టు కేసుంటేనో తప్ప హక్కులు చవగ్గా ఎవడూ ఇవ్వడు.”

ప్రణతి పగలబడి నవ్వింది. “సరుకుంది బాబాయ్. కేసూ లేదు. పేద దేశాల్లో వాళ్ళ ధరకి కొనేవాళ్ళెలాగూ లేరు. అక్కడ మాలాంటి కంపెనీలు నాలుగైదు పోటీపడి తయారుచేస్తే ధర కిందికొస్తుంది. లక్షలమందికి మందు అందుతుంది. వాళ్ళకి పెద్దగా పోయేదేం లేదు, మంచిపేరొస్తుంది. మధ్యలో ఓ సంస్థ కూర్చుని ఇద్దరికీ ఒప్పందం కుదురుస్తుంది.”

“దానికి కమీషనెంత?”

“కమీషనేం ఉండదు. లాభం కోసం పెట్టింది కాదది.”

“కమీషన్ లేని మధ్యవర్తా!” త్రినాథరావు కప్పు కింద పెట్టేశాడు. అంతవరకూ విన్నదంతా నమ్మాడు గానీ, దీన్ని నమ్మడం ఆయన వల్ల కాలేదు. “సరే. డబ్బున్న దేశాల మాటేంటి?”

“అవి వాళ్ళే ఉంచుకుంటారు. మధ్యరకం వాటిల్లో కొన్ని ఇస్తారు, కొన్ని ఇవ్వరు.”

“అంటే చిన్న ఊళ్ళ ‘బీ’, ‘సీ’ సెంటర్లు మీకొదిలేసి, డబ్బులొచ్చే ‘ఏ’ సెంటర్లు వాళ్ళు ఆడించుకుంటారు.”

“అలాగే అనుకో.”

“‘ఏ’ సెంటర్లో కూడా నేలటికెట్టు వాడు ఉంటాడు కదమ్మా?”

ప్రణతి నవ్వు తగ్గింది. చెంచాతో నురగని ఓ పక్కకి నెట్టింది. “ఉంటాడు.”

“వాడి సంగతి?”

“దేశాలు చూసి రాస్తారు బాబాయ్. మనుషుల్ని చూసి రాయరు. మిగతాది ఆ దేశం చూసుకోవాలి.”

“చూసుకోకపోతే?”

ఆమె భుజాలెగరేసింది. త్రినాథరావుకి బుర్ర తేలికవుతుందనుకుంటే ఇంకా బరువెక్కింది. ఇచ్చినవాణ్ణి తిడదామంటే, ఆ ఇచ్చినదాంతోనే తన బొజ్జ నిలబడి ఉంది. మెచ్చుకుందామంటే, గీత అవతల ఆంద్రే ఉన్నాడు.

“మా కథలో ఒకడు ఇక్కడ కొనుక్కుని అక్కడికి పట్టుకెళ్తాడు. వాడు దొంగేనా?”

“అమ్ముకోడానికైతే తప్పే. తన జబ్బుకి తను మింగడానికి, డాక్టరు చీటీతో, కొన్ని నెలలకి సరిపడా అయితే చాలా దేశాలు ఒప్పుకుంటాయి. అక్కడి రూలేమిటో చూసుకోవాలనుకో. మా ఒప్పందం అమ్మే మమ్మల్ని కట్టేస్తుంది గానీ మింగేవాణ్ణి కాదు.”

“అదే స్నేహితుడి కోసమైతే?”

“ఎవరా స్నేహితుడు? ఉన్నాడని రుజువేంటి? అసలు మనిషిని చూడకుండా ఏ డాక్టరు రాస్తాడు? అప్పుడది సరుకు మోసుకెళ్ళడమే.” ఫోను మోగుతుంటే లేచి, బ్యాగు తగిలించుకుంటూ అడిగింది. “మీ కథలోవాడు నిజం చెప్తాడా?”

“రచయిత ఇంకా అక్కడిదాకా రాలేదమ్మా.”

మెట్లు దిగుతుంటే త్రినాథరావుకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఇన్నేళ్ళుగా తనకి తెలిసిన న్యాయం ఒక్కటే: బాక్సు ఎక్కడుందో చూస్తే చాలు, తప్పో ఒప్పో తేలిపోతుంది. ఇక్కడ బాక్సు ఒకటే, దారి ఒకటే. ఆంద్రే ‘నాకే’ అంటే ఒప్పు, ‘స్నేహితుడికి’ అంటే తప్పు. పరువుకోసం ఆడిన చిన్న అబద్ధం మందుకీ మనిషికీ మధ్య గేటులా నిలబడింది. ఆ గేటు తీయమని ఇంకొకణ్ణి ఎలా అడగడం? నీకుందా అని మొహం మీద అడిగితే తనెవరికైనా చెప్పేవాడా?

ఆ సాయంత్రమే ఆంద్రేకి ఫోను చేశాడు. “రేపు ఓ డాక్టరు దగ్గరికెళ్దాం. మీ స్నేహితుడి రిపోర్టులేవైనా ఉంటే ఫోనులో పెట్టుకోండి.” అవతల నుంచి “ఉన్నాయి” అని వినపడింది.

శనివారం ముత్యాలు కొనాలని చెప్పి కంపెనీ కారు మోతీనగర్ వైపు పోనిమ్మన్నాడు. నడిపేది తిరుమలేశ్. రహమత్ నగర్ మనిషి, నోరు ఊరుకోదు. అద్దంలోంచి వెనక్కి చూసి ఇంటిముందు దిష్టిబొమ్మని చూసినట్టు మొహం పెట్టాడు.

“ఏంది సార్, గీ గోరాయన గిట్ల గుమ్మనకుండ కూసున్నడు? నిన్న మిర్చీ బజ్జీ గిట్ల తినిపించిన్రా?”

“నువ్వు రోడ్డు చూడవయ్యా.”

“చూస్తనే ఉన్న సార్. మోతీనగర్‌ల ముత్యాల దుకాణం ఏడుంది? నాకెర్క లేకుంట కొత్తగ పెట్టిన్రా?”

“డాక్టరు దగ్గరికి. ఆయనకి ఒంట్లో బాలేదు.”

“అరె, జర ముందే చెప్పొద్దా! ఫికర్ జెయ్యకు సాబ్, గీడనే!” అని ఆంద్రేకి తెలుగులోనే ధైర్యం చెప్పి, ఎర్రగడ్డ దాకా మళ్ళీ నోరు విప్పలేదు. అతను అంతసేపు మాట్లాడకుండా ఉండటం త్రినాథరావు ఎన్నడూ చూడలేదు.

ఒకప్పుడు ఆ ‘బావమరిది’ నాలుక చూసిన డాక్టర్ హరిణి త్రినాథరావుని చూసింది, తెలిసినట్టు నవ్వలేదు. పక్కన ఇంకొకరుంటే ఆవిడ ఎప్పుడూ అంతే, అప్పుడే మొదటిసారి చూసినట్టు “కూర్చోండి” అంటుంది. ఆంద్రే ఫోనులో రిపోర్టులు చూపించాడు. పేరున్న చోట బొటనవేలు అడ్డం పెట్టాడు.

“పేషెంటు ఎవరు?” అని ఇంగ్లీషులో అడిగింది.

“నా స్నేహితుడు.”

“ఆయన్ని చూడకుండా నేను రాయలేను. ఈ మందు అలా రాసిచ్చేది కాదు.”

ఆంద్రే తలాడించాడు. థాంక్స్ చెప్పి ఫోను జేబులో పెట్టుకుని లేచాడు. చాలాచోట్ల ఇలాగే లేచిన అలవాటు ఆ లేవడంలో ఉంది. తలుపు దాకా వెళ్ళాడు.

త్రినాథరావు కుర్చీలోంచి కదల్లేదు. ఒక ఆలోచన, పోనీ, అడిగాం, కుదర్లేదు, నీ తప్పేం లేదు అంటోంది. ఇంకో ఆలోచన, ఈ మనిషి రేపు విమానమెక్కితే ఆ ఉన్న నెల మాత్రలూ అయిపోయాక ఏమవుతాడో తెలిసినవాడివి నువ్వొక్కడివే అంటోంది. మూడో ఆలోచన అన్నిటికంటే పెద్దగా అరుస్తోంది: వీడు వరప్రసాద్‌కి చెప్తే? ఫిలింనగర్‌లో రేపటినుంచి నీ చేత్తో ఇచ్చిన టీ ఎవడు తాగుతాడు? మూడింటిలో ఏది వినాలో తేలకముందే నోరు తెరుచుకుంది.

“మిస్టర్ ఆంద్రే. ఐ ఆల్సో.”

ఆంద్రే వెనక్కి తిరిగాడు.

“సేమ్ టాబ్లెట్. ఎవ్రీ నైట్, ఆఫ్టర్ మీల్స్.” చెయ్యి తనకి తెలియకుండానే బొజ్జ మీదికి వెళ్ళింది. “లుక్. ఫుల్ హెల్త్.”

డాక్టరమ్మ పెన్ను మూత పెట్టి, కిటికీ వైపు చూడటం మొదలుపెట్టింది. ఆంద్రే తలుపు పిడి పట్టుకుని అలాగే నిలబడ్డాడు. మొహం ముందు ఎర్రబడింది, తర్వాత తెల్లబడింది, తర్వాత ఏ రంగో చెప్పలేం. నెమ్మదిగా వచ్చి కూర్చుని, ఫోను తీసి బల్లమీద పెట్టాడు. ఈసారి బొటనవేలు అడ్డం పెట్టలేదు.

“పేషెంటుని నేనే” అన్నాడు.

ఆవిడ రక్తపరీక్షల గురించి అడిగింది, ఎప్పటినుంచి వాడుతున్నాడో అడిగింది, నాలుక చూసింది. కొన్ని నెలలకి రాసిచ్చి, చీటీ సీసాలతోనే ఉంచుకోమంది. వాళ్ళ దేశంలో సొంతానికి ఎంత తేనిస్తారో అప్పుడే ఆంద్రే చేత ఫోనులో వెతికించి, అంతకి మించకుండా చూసింది. అంతా అయ్యాక త్రినాథరావు వైపు తిరిగి, “మీరు బరువు తగ్గాలి” అంది, మొదటిసారి తెలిసినట్టు నవ్వుతూ.

దుకాణంలో సీసాలు కొని బయటికొచ్చాక, కారు ఎక్కకుండా చెట్టుకింద నిలబడ్డారు. ఆంద్రే సీసా తిప్పి లేబులు చదువుతున్నాడు. ఫలానా లైసెన్సు కింద తయారైనది, మరో విధంగా వాడటానికి అనుమతి లేదు అని సన్నటి అక్షరాలున్నాయి. త్రినాథరావు కూడా కళ్ళజోడు సవరించుకుని చదివాడు. రెండోసారి చదివాడు. మింగడం ఏ విధం కిందికొస్తుందో అందులో రాయలేదు.

“అక్కడ నాలాంటి పరాయివాళ్ళు ఇంకా ఉన్నారు” అన్నాడు ఆంద్రే. “వాళ్ళు నిజంగా నా స్నేహితులే. అందరూ ఇంతదూరం రాలేరు.”

ఆ మాటలో అడగడం లేదు. అయినా అడిగినట్టే ఉంది. వాళ్ళ కోసం ఇంకో సంచీ సీసాలు కొనిస్తే అది మోసుకెళ్ళడమే, తను పట్టుకోవాల్సిన బాక్సే. కొనివ్వనంటే, ఇందాక లోపల చెప్పిన మాట సగంలో ఆగిపోయినట్టుంది. ఏం చెయ్యాలో పాలుపోలేదు. పాలుపోనప్పుడు మేనేజరు చేసే పని ఒక్కటే. ఫోను తీశాడు.

“అమ్మా ప్రణతీ, ఆ పేర్లలో ఓ దేశాన్ని కొత్తగా కలపాలంటే ఎవరిని అడగాలి?”

“మీ రచయిత శనివారం కూడా వదలడా బాబాయ్? యజమాని కంపెనీని అడగాలి. మధ్యలో ఉన్న సంస్థ అడుగుతూనే ఉంటుంది. ఒక్కోసారి కలుపుతారు, ఒక్కోసారి కలపరు. అది వాళ్ళ ఇష్టం.”

“ఇష్టమైతే మంచిదేగా. ఇష్టం పుట్టేదాకా ఎవరో ఒకరు గుమ్మంలో కూర్చోవాలి. హక్కులెప్పుడూ అలాగే కదమ్మా తెమిలేది. వాళ్ళ ఆఫీసెక్కడ?”

“సముద్రాల అవతల!” ఆమె నవ్వుతోంది. అందులో నవ్వేముందో ఆయనకి బోధపడలేదు. నవ్వు ఆగాక గొంతు మార్చి అడిగింది. “బాబాయ్, నిజం చెప్పు. ఈ కథలో నువ్వెవరు?”

త్రినాథరావు ఆలోచించాడు. కాపలావాడా? బాక్సు మోసేవాడా? కమీషన్ లేని మధ్యవర్తా? కారు దగ్గర తిరుమలేశ్ వెనక తలుపు తీసి పట్టుకుని, రోగిష్టి మనిషిని కూర్చోబెట్టినట్టు ఆంద్రేని భుజం పట్టి జాగ్రత్తగా కూర్చోబెడుతున్నాడు.

“నాకూ అదే తెలియట్లేదమ్మా” అన్నాడు. “రేపు ఈయన్ని విమానం ఎక్కించి మీ ఇంటికొస్తాను. మీ పిన్నిని కూడా తీసుకొస్తా. నీతో ఓ మాట చెప్పాలి.”